ఎంఎంఎన్ రికార్డింగ్: తలకు నూనె దగ్గర నుంచి తేడా గీత దాకా

మా అమ్మ ఖమ్మంలో ఇంట్లోనే జాకెట్లు కుట్టేది. మధ్యాహ్నం పూట పక్కింటి వాళ్లు వచ్చి కూర్చునేవాళ్లు. మాటలు సాగుతూనే ఉండేవి, మిషన్ టకటకలాడుతూనే ఉండేది. ఆ చప్పుడు అక్కడ ఎవరి చెవికీ ఆనేది కాదు, అమ్మకి కూడా. కానీ దారం తెగినా, సూది గట్టి మడతలో ఇరుక్కున్నా మిషన్ మోత ఒక్క పిసరు మారేది. అంతే, అమ్మ కాలు పెడల్ మీద ఆగిపోయేది. ఆగాక గానీ తల తిప్పి చూసేది కాదు. చెప్తున్న మాట కూడా మధ్యలో తెగేది కాదు.

నేను ఆడియాలజీ (వినికిడి శాస్త్రం) చదివి, హైదరాబాద్‌లో ఈఈజీ (తల మీద నుంచి మెదడు కరెంటు రికార్డ్ చేసే పరీక్ష) ల్యాబ్‌లో పనికి చేరాక ఆ కాలు వెనక ఉన్న సంగతికి పేరు తెలిసింది. మిస్‌మ్యాచ్ నెగెటివిటీ, క్లుప్తంగా ఎంఎంఎన్. ఒకే శబ్దం పదే పదే వస్తుంటే మెదడు దానికో అచ్చు (మూస) తయారు చేసుకుంటుంది. ఆ అచ్చుకి సరిపోని శబ్దం వచ్చిందంటే మనం వింటున్నా, వినకపోయినా 100 నుంచి 250 మిల్లీసెకన్ల లోపే నడినెత్తి ముందు భాగంలో చిన్న నెగెటివ్ అల లేస్తుంది. ఆ అల పెద్ద మోతాదులో ఉంటే, దాని వెనకే 300 మిల్లీసెకన్ల దగ్గర పీ3ఏ అనే ఇంకో అల వస్తుంది. ధ్యాస అటు లాగబడిందని దాని అర్థం. అమ్మ కాలు ఆగడం ఆ రెండో మెట్టు తర్వాత జరిగే పని. మనం రికార్డ్ చేయబోయేది మొదటి మెట్టు.

దీన్ని 1978లో ఫిన్లాండ్ శాస్త్రవేత్త రిస్టో నాటానెన్, ఆయన సహచరులు ప్రకటించారు. ఒక చెవిలో శబ్దాలు శ్రద్ధగా వినమని, రెండో చెవిలోవి పట్టించుకోవద్దని మనుషులకు చెప్పారు. పట్టించుకోని చెవిలో శబ్దం మారినా సరే, అదే అల వచ్చింది. నాటానెన్ 2023లో చనిపోయారు. ఈ ఒక్క అల మీద ఆయన 45 ఏళ్లు పనిచేశారు.

మా ల్యాబ్‌కి వచ్చే పీజీ పిల్లలకి నేను నోటితో చెప్పే పద్ధతే ఇక్కడ రాస్తున్నాను. మెషీన్ మాన్యువల్లో దొరికే విషయాలు వదిలేసి, మాన్యువల్లో లేనివి ఎక్కువగా చెప్తాను.

శబ్దాలు తయారు చేసుకోవడం

మొదటిసారి చేసేవాళ్లు స్వరాలతోనే మొదలుపెట్టండి, మాటల జోలికి వెళ్లకండి. 1000 హెర్ట్జ్ శబ్దం ఒకటి, 1200 హెర్ట్జ్ శబ్దం ఒకటి. సంగీతం తెలిసినవాళ్లకి చెప్పాలంటే, 1000ని షడ్జం అనుకుంటే 1200 సరిగ్గా సాధారణ గాంధారం. ఎవరి చెవికైనా తెలిసే తేడా. ఒక్కో శబ్దం 75 మిల్లీసెకన్లు ఉండాలి. అందులో మొదట 5, చివర 5 మిల్లీసెకన్లు మెల్లగా పెరిగి, మెల్లగా తగ్గాలి. అలా చేయకపోతే శబ్దం మొదట్లో టిక్‌మంటుంది. అప్పుడు మెదడు స్వరానికి స్పందించిందో ఆ టిక్‌కి స్పందించిందో మీకు తెలీదు.

ఒక శబ్దం మొదలైనప్పటి నుంచి తర్వాతది మొదలయ్యే దాకా 500 మిల్లీసెకన్లు. మొత్తం 1000 శబ్దాలు, అంటే 8 నిమిషాల 20 సెకన్లు. వాటిలో 850 స్టాండర్డ్, అంటే పదే పదే వచ్చే 1000 హెర్ట్జ్ శబ్దం; 150 డీవియంట్, అంటే మధ్యమధ్యలో వచ్చే తేడా శబ్దం, 1200. ఈ మొత్తం వరసని ఒక బ్లాక్ అంటాం. డీవియంట్ ఎప్పుడు వస్తుందో ముందుగా తెలియకూడదు, కానీ రెండు డీవియంట్ల మధ్య కనీసం రెండు మూడు స్టాండర్డ్‌లు ఉండేలా వరస రాసుకోండి. మధ్యలో స్టాండర్డ్ లేకుండా డీవియంట్ మీద డీవియంట్ పడితే అచ్చు చెదిరిపోతుంది. బ్లాక్ మొదట్లో ఓ పదిహేను స్టాండర్డ్‌లు వరసగా వినిపించి అప్పుడు మొదటి డీవియంట్ ఇవ్వండి. అచ్చు పడకముందే తేడా చూపిస్తే, దేనితో పోల్చి తేడా అంటుంది మెదడు?

ఇప్పుడు అందరూ దాటేసే మెట్టు. రెండో బ్లాక్ తప్పనిసరిగా చేయండి, ఈసారి 1200 స్టాండర్డ్, 1000 డీవియంట్. 1000కీ 1200కీ చెవి, మెదడు సహజంగానే కాస్త వేరుగా స్పందిస్తాయి. మొదటి బ్లాక్‌లోని 1200 నుంచి అదే బ్లాక్‌లోని 1000ని తీసేస్తే ఆ సహజమైన తేడా కూడా మీ లెక్కలో కలిసిపోతుంది. అదే 1200 డీవియంట్‌గా వచ్చినప్పటి అలలోంచి, అదే 1200 స్టాండర్డ్‌గా వచ్చినప్పటి అలని తీసేస్తే శబ్దం ఒక్కటే, దాని స్థానం మాత్రమే వేరు. నా దగ్గరికి వచ్చే ప్రతి బ్యాచ్‌లోనూ టైమ్ సరిపోలేదని రెండో బ్లాక్ మానేసిన వాళ్లు ఒకరిద్దరుంటారు. వాళ్లని మళ్లీ కూర్చోబెట్టి చేయిస్తాను.

ఇంకో అనుమానం కూడా ఉంది, న్యాయమైనదే. ఒకే శబ్దం వందలసార్లు వింటే ఆ శబ్దానికి పలికే నాడీకణాలు అలసిపోతాయి. డీవియంట్ తాజాగా వచ్చింది కాబట్టి దాని అల పెద్దగా కనిపిస్తుంది, ఇందులో పోల్చడం ఏముంది అని కొందరంటారు. 2003లో పిల్లుల శ్రవణ కార్టెక్స్‌లో (శబ్దాలని అందుకునే మెదడు పైపొర భాగంలో) ఒక్కొక్క నాడీకణం స్థాయిలోనే ఇలాంటిది చూశారు. అలుపు వేరు, అచ్చుతో పోల్చడం వేరు అని తేల్చడానికి మూడో బ్లాక్ ఉంటుంది. అందులో పది వేర్వేరు స్వరాలు ఒక్కోటి 10 శాతం చొప్పున కలగాపులగంగా వస్తాయి. అక్కడ 1200 అరుదే గానీ, దాన్ని తేడా అనడానికి స్టాండర్డ్ అంటూ ఏదీ లేదు. ఈ బ్లాక్ పెట్టుకున్న రోజున డీవియంట్ శాతం కూడా 15 కాకుండా 10కే ఉంచాలి, లేకపోతే పోలిక కుదరదు. థీసిస్ కోసం చేస్తుంటే ఈ బ్లాక్ పెట్టండి. నేర్చుకోవడానికైతే రెండు బ్లాకులు చాలు.

మార్కర్ సంగతి

ఇక్కడ కాస్త ఆగి చదవండి. దీనివల్ల నా ఏడాది పని పోయింది.

ప్రతి శబ్దం మొదలైన క్షణంలో ఈఈజీ ఫైల్‌లో ఒక గుర్తు పడాలి, దాన్నే మార్కర్ అంటాం. నేను ముందు పనిచేసిన చోట, కంప్యూటర్ 'శబ్దం వినిపించు' అని ఆజ్ఞ ఇచ్చిన క్షణంలో మార్కర్ పడేది. శబ్దం మాత్రం సౌండ్ కార్డ్ లోంచి బయటికి వచ్చేసరికి ఒకసారి 20 మిల్లీసెకన్లు, ఒకసారి 60 మిల్లీసెకన్లు ఆలస్యమయ్యేది. ఆలస్యం ఎప్పుడూ ఒకేలా ఉంటే సరిచేసుకోవచ్చు. రోజుకోలా కాదు, శబ్దానికోలా మారితే ఏమీ చేయలేం. 150 అలల్ని ఒకదాని మీద ఒకటి పెట్టి సగటు తీస్తాం కదా, శిఖరాలన్నీ అటూ ఇటూ జరిగిపోయి ఒకదాన్నొకటి మింగేశాయి. 18 మంది డేటా అలా పోయింది. వాళ్లలో ఒకావిడ ఎల్బీ నగర్ నుంచి రెండు బస్సులు మారి వచ్చింది. ఆవిడకి ఫోన్ చేసి ఇంకోసారి రమ్మని అడగడం నాకు చాలా కష్టమైంది.

అందుకే ఇప్పుడు మనిషిని పిలవకముందే ఇది చేస్తాను. ఇయర్‌ఫోన్‌కి వెళ్లే సౌండ్ వైరునే ఒక పాయ చీల్చి, సిగ్నల్ తగ్గించే అడాప్టర్ ద్వారా ఈఈజీ యాంప్లిఫయర్‌లో ఖాళీగా ఉన్న ఛానల్‌కి ఇస్తాను. 200 శబ్దాలు నడిపిస్తాను. మార్కర్‌కీ, ఆ ఛానల్‌లో శబ్దం లేచిన చోటుకీ మధ్య దూరం కొలుస్తాను. అది 200 సార్లూ ఒక మిల్లీసెకను అటూ ఇటూలో ఉండాలి. లేదంటే ఆ రోజు రికార్డింగ్ లేదు. ఇంకో మాట, బ్లూటూత్ హెడ్‌ఫోన్ ఈ పనికి ఎప్పుడూ వాడకండి.

శబ్దం ఎంత గట్టిగా ఉందో కూడా రెండు స్వరాలకీ విడివిడిగా సౌండ్ లెవెల్ మీటర్‌తో చూడండి. 70 డెసిబెల్స్ దగ్గర పెట్టుకుంటాను నేను. ఇయర్‌ఫోన్ 1200ని ఓ 3 డెసిబెల్స్ గట్టిగా పలికితే మీరు కొలిచేది స్వరం తేడానో, మోత తేడానో చెప్పలేరు.

మనిషిని పిలిచే ముందు

ముందు రోజు సాయంత్రం ఫోన్ చేసి చెప్పాల్సింది ఒక్కటే, కానీ రెండుసార్లు చెప్పాలి: "రేపు పొద్దున తలస్నానం చేసి రండి, తలకు నూనె మాత్రం పెట్టుకోకండి." ఒక్కసారి చెప్తే సరేనంటారు. తెల్లారి స్నానం చేసి, అలవాటు కొద్దీ దువ్వెనకి రెండు చుక్కలు కొబ్బరినూనె రాసుకుని వస్తారు. నూనె ఉన్న చోట పేస్ట్ అంటదు, కరెంటు పారదు. కండిషనర్ కూడా వద్దని చెప్పండి. జడ వేసుకుని వచ్చినవాళ్లకి రబ్బరు బ్యాండు కిందికి దించి వదులుగా కట్టుకోమనండి. పూలు, పిన్నులు, చెవి కమ్మలు తీసి పెట్టడానికి నేను మూత ఉన్న చిన్న స్టీలు డబ్బా ఇస్తాను. బంగారం కదా, ఎక్కడ పెట్టామో అన్న టెన్షన్‌తో కూర్చుంటే మెడ కండరాలు బిగుసుకుపోతాయి, ఆ బిగువంతా రికార్డింగ్‌లో కనిపిస్తుంది.

వచ్చాక ముందు చెవి చూడండి, గుబిలి నిండిపోయి ఉంటే ఇయర్‌ఫోన్ పెట్టి లాభం లేదు. ప్యూర్ టోన్ పరీక్ష (ఒక్కో స్వరం వినిపించి చేసే వినికిడి పరీక్ష) చేసి రెండు చెవులూ బాగా వింటున్నాయని నిర్ధారించుకోండి. రాత్రి డ్యూటీ చేసి వచ్చినవాళ్లని పంపించేసి ఇంకో రోజు రమ్మనండి. నిద్రమత్తులో ఈ అల కుదించుకుపోతుంది.

ఎలక్ట్రోడ్లు

పూర్తి టోపీ ఉంటే మంచిదే, లేకపోయినా కంగారు లేదు. నుదుటి నడిమధ్య పైన ఎఫ్‌జెడ్, నడినెత్తిన సీజెడ్, రెండు చెవుల వెనక ఎముకల మీద ఒక్కోటి, ముక్కు కొన మీద రిఫరెన్స్ (మిగతావాటిని దీనితో పోల్చి కొలుస్తాం), కంటి పైన, కింద ఒక్కోటి, గ్రౌండ్ ఒకటి. ఇవి చాలు. ముక్కు మీద ఎలక్ట్రోడ్ అంటే మొదట అందరూ కాస్త ఇబ్బంది పడతారు. దానికో కారణం ఉంది, వాళ్లకి చెప్పండి. ఎంఎంఎన్ పుట్టే ముఖ్యమైన చోటు రెండు చెవుల పైన, మెదడు మడతలో దాగి ఉన్న శ్రవణ కార్టెక్స్. అక్కడి కరెంటు పైకి, ముందుకి చూస్తూ ఉంటుంది. అందుకే ఎఫ్‌జెడ్ దగ్గర నెగెటివ్‌గా కనిపించే అల, చెవుల వెనక ఎముకల దగ్గర తలకిందులై పాజిటివ్‌గా కనిపిస్తుంది. రిఫరెన్స్ ముక్కు మీద ఉంటేనే ఈ తలకిందులు కావడం కంటికి కనబడుతుంది. మీకు దొరికింది అసలైన ఎంఎంఎన్ అనడానికి అదే నేను నమ్మే గుర్తు.

స్పిరిట్ దూదితో తుడిచి, స్క్రబ్ జెల్‌తో మెల్లగా రుద్ది, పేస్ట్ పెట్టండి. ఇంపీడెన్స్, అంటే చర్మం దగ్గర కరెంటుకి ఉండే అడ్డు, 5 కిలో ఓమ్‌ల లోపు రావాలి. రాకపోతే ఇంకా గట్టిగా రుద్దకండి, జుట్టు పాయలు తప్పించి మళ్లీ పెట్టండి. ఓపికతో వచ్చేది బలంతో రాదు.

గదిలో ట్యూబ్‌లైటు, ఫ్యాను, ఫోన్ ఛార్జర్ ఆపేయండి. మన కరెంటు 50 హెర్ట్జ్ గోల ఎక్కడి నుంచైనా దూరుతుంది. ఏసీ ముందే గంటసేపు వేసి గది చల్లబరిచి, రికార్డింగ్ సమయానికి ఆపేస్తాను. చెమట పడితే గీతలు నెమ్మదిగా పైకీ కిందికీ ఊగుతాయి.

వినకుండా కూర్చోబెట్టడం

మొత్తం పనిలో నాకు ఇష్టమైన భాగం ఇది. మనిషికి చెవిలో శబ్దాలు వినిపిస్తాం, కానీ వాటిని వినకూడదు. వింటూ లెక్కపెడుతూ కూర్చుంటే ఎన్2బీ, పీ3బీ అనే ఇంకో రెండు అలలు వచ్చి మనకి కావలసిన అల మీద పడతాయి. "శబ్దాలు వినకండి" అంటే ఇంకా శ్రద్ధగా వింటారు. కాబట్టి ధ్యాస పట్టే పని ఇంకేదో ఇవ్వాలి.

మొదట్లో అందరిలాగే నేనూ పాత తెలుగు సినిమా సౌండ్ తీసేసి పెట్టేదాన్ని. గీతలన్నీ సన్నటి గరుకు గరుకు అలలతో నిండిపోయేవి. కారణం అర్థం కాక కిటికీలోంచి చూశాను. అవతల కూర్చున్న పెద్దాయన పెదాలు కదులుతున్నాయి. డైలాగులన్నీ ఆయనకి నోటికి వచ్చు! దవడ కండరాల కరెంటు మెదడు కరెంటు కన్నా ఎన్నో రెట్లు పెద్దది. ఆ రోజు నుంచి అడవి జంతువుల వీడియోలు పెడుతున్నాను, మాటల్లేనివి. ఆడపులి పిల్లల్ని నోట కరుచుకుని వాగు దాటుతుంటే ఎవరైనా చూస్తూ ఉండిపోతారు. అయిపోయాక వీడియో గురించి రెండు ప్రశ్నలు అడుగుతానని ముందే చెప్తాను. అడుగుతాను కూడా.

సగటు, తేడా గీత

రికార్డింగ్‌ని 0.1 నుంచి 30 హెర్ట్జ్ మధ్య ఫిల్టర్ చేయండి. ప్రతి శబ్దానికీ 100 మిల్లీసెకన్లు ముందు నుంచి 500 తర్వాత దాకా ముక్కలు కోయండి. రెప్ప కొట్టినవి, 100 మైక్రోవోల్టులు దాటినవి తీసేయండి. డీవియంట్ తర్వాత వెంటనే వచ్చిన స్టాండర్డ్‌ని కూడా వదిలేయండి, ఆ క్షణానికి మెదడు ఇంకా తేరుకోలేదు.

సగటు ఎందుకో ఒక్క లెక్కతో చెప్తాను. ఎంఎంఎన్ రెండు మూడు మైక్రోవోల్టులు. ఒక్క ముక్కలో మిగతా మెదడు పనుల గోల సుమారు 20 మైక్రోవోల్టులు అనుకోండి. గోల ప్రతిసారీ ఒక్కో దిక్కున ఉంటుంది, ఎంఎంఎన్ మాత్రం ప్రతిసారీ అదే చోట వస్తుంది. ముక్కల సంఖ్య వర్గమూలం మేరకు గోల తగ్గుతుంది. 150 ముక్కల సగటుకి 1.6 మైక్రోవోల్టులకు దిగుతుంది. అంటే అల అప్పుడే తల ఎత్తుతుంది. 300 ముక్కలుంటే గోల 1.2కి దగ్గరగా వస్తుంది, అల స్పష్టంగా నిలబడుతుంది. రెండు బ్లాకుల్లోని డీవియంట్‌లని కలిపితే 300 అయ్యేది అందుకే.

ఇప్పుడు డీవియంట్ సగటు లోంచి స్టాండర్డ్ సగటు తీసేయండి. మిగిలేదే తేడా గీత. ఎఫ్‌జెడ్‌లో 150 నుంచి 200 మిల్లీసెకన్ల మధ్య చూడండి. చాలామంది నెగెటివ్‌ని పైకి గీస్తారు, మీరు ఎటు గీశారో బొమ్మ మీద తప్పకుండా రాయండి. చెవుల వెనక అదే సమయంలో అల ఎదురు దిక్కుకి తిరిగిందో లేదో చూడండి. శబ్దాల మధ్య తేడా పెంచితే అల ముందుకి జరిగి, పెద్దదవ్వాలి. 1000కి 1050 పెట్టి ఒకసారి, 1200 పెట్టి ఒకసారి చేసి చూస్తే ఈ జరగడం మీ కంటికే తెలుస్తుంది.

తెలుగు మాటలతో చేయాలనుకుంటే

స్వరాలతో చేయి తిరిగాక ఇటు రండి. 1997లో నాటానెన్ బృందం ఫిన్లాండ్, ఎస్టోనియా వాళ్లకి భాషలోని అచ్చులు (అ, ఇ, ఉ లాంటివి) వినిపించి చేసిన ప్రయోగం ఈ దారిలో పెద్ద మైలురాయి. ఎస్టోనియన్‌లో ఒక అచ్చు ఉంది, ఫిన్నిష్‌లో లేదు. శబ్దంగా చూస్తే పదే పదే వినిపించిన అచ్చు నుంచి దీని దూరమే ఎక్కువ, అయినా ఫిన్లాండ్ వాళ్ల మెదడు దానికి చిన్న అలనే ఇచ్చింది. ఎస్టోనియా వాళ్లకి అలా తగ్గలేదు. అంటే మెదడులో పడే మూస చెవి విన్నదాని నుంచే కాదు, పెరిగిన భాష నుంచి కూడా వస్తుంది.

మనకి కల, కళ ఉన్నాయి. పలు, పాలు ఉన్నాయి. ఎంత మంచి జతలో చూడండి! కానీ జాగ్రత్త. 'కల', 'కళ' రెండూ 'క'తోనే మొదలవుతాయి. తేడా వచ్చేది తర్వాత. మార్కర్ మాట మొదట్లో పెట్టి 150 మిల్లీసెకన్ల దగ్గర అల వెతికితే దొరకదు, లేదని రాసేస్తారు. తేడా మొదలైన చోటు నుంచి లెక్కపెట్టాలి. ఇంకో చిక్కు, 'ళ' పలకడానికి నాలుక ముందే వెనక్కి మడత పడుతుంది కాబట్టి, దాని ముందున్న 'అ' చివర్లోనే రంగు మారిపోతుంది. వేవ్‌ఫామ్‌తో పాటు స్పెక్ట్రోగ్రామ్ (శబ్దంలో ఏ ఫ్రీక్వెన్సీ ఎప్పుడు ఎంత ఉందో చూపే బొమ్మ) కూడా తెరిచి ఆ చోటు కంటితో గుర్తు పెట్టుకోండి. ఒకే మనిషి, ఒకే రోజు, ఒకే గొంతు స్థాయిలో ఇరవైసార్లు చెప్పించి, వాటిలోంచి నిడివి, మోత దగ్గరగా ఉన్న జతని ఏరుకోండి.

కుటుంబాలకి చెప్పేటప్పుడు

కోమాలో ఉన్నవాళ్లకి కూడా ఈ పరీక్ష చేస్తారు. మంచం పక్కన నిలబడ్డ వాళ్లు మన ముఖం చూస్తూ ఉంటారు. అల కనిపిస్తే అది మంచి సూచన, మేలుకునే అవకాశం ఎక్కువని 1990ల నుంచీ అధ్యయనాలు చెప్తున్నాయి. కనిపించకపోతే మాత్రం ఏమీ చెప్పకూడదు. ఆరోగ్యంగా, నిక్షేపంగా ఉన్నవాళ్లలోనే కొందరికి ఒక్క రికార్డింగ్‌లో స్పష్టంగా రాదు. మందుల మత్తు, గది గోల, ముక్కలు సరిపోకపోవడం, వీటిలో ఏదైనా అలని దాచేయగలదు. "కనబడలేదు" అనే మాట డాక్టర్‌కి రాసే నోట్‌లో, ఎన్ని ముక్కలతో, ఏ మందుల మీద అన్న వివరంతో సహా ఉండాలి. వరండాలో నిలబడి ఎవరితోనూ అనకండి. జూనియర్లు ఈ ఒక్కటి మర్చిపోతే నేను ఊరుకోను.

అంతా అయ్యాక గోరువెచ్చటి నీళ్లు, దువ్వెన, శుభ్రమైన టవల్ ఇవ్వండి. పేస్ట్ ఎండితే జుట్టులో పెళుసుగా అంటుకుపోతుంది, కాబట్టి మనిషి వెళ్లకముందే కడిగించాలి. స్టీలు డబ్బా చేతికిచ్చి కమ్మలు లెక్క చూసుకోమనండి. ఎలక్ట్రోడ్లని కూడా అప్పుడే బ్రష్‌తో కడిగి, నీడలో ఆరబెట్టండి. తర్వాత కూర్చుని ఫైల్‌కి పేరు పెట్టండి: తేదీ, మనిషి కోడ్ నంబరు, బ్లాక్ వరస. ఫిల్టర్ చేయని అసలు ఫైల్‌ని రెండు చోట్ల దాచి, దాని మీద ఎవరూ రాయలేకుండా లాక్ చేయండి. అప్పుడు గానీ ల్యాబ్ తలుపు వేయొద్దు.